రెండు ఆషాఢాలు

ఆమదాలవలస,
ఏప్రిల్ 12, 2015.

వదినగారికి నమస్కారాలు.

పెళ్ళిపీటల మీద మీరు నా చెవిలో ఒక మాట అన్నారు. "ఏటైనా కావాలిస్తే అమ్మనడక్కు, నన్నడుగు" అని. ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే ఇంట్లో ఫోను అత్తమ్మ బొడ్లో ఉంటుంది. నేను మాట్లాడుతున్నంతసేపూ పక్కనే నిలబడతారు. అత్తమ్మకి చదువు రాదు కనుక కాగితం మీద రాసింది మనిద్దరి మధ్యే ఉంటుంది. తప్పయితే మన్నించండి.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీ తమ్ముడి నిద్ర గురించి.

ఆయన గురక పెడతారని పెళ్ళిచూపుల నాడే ఎవరో చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు నా భయం గురక గురించి కాదు, గురక ఆగడం గురించి. గట్టిగా పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. పొట్ట, రొమ్ము ఎగిరెగిరి పడుతుంటాయి గాని గాలి లోపలికి పోదు. చప్పుడు ఉండదు. పెదాలు రంగు మారతాయి. చివరికి నూతిలో పడి పైకి తేలిన మనిషిలా ఒక్కసారి గుర్రుమని గాలి అందుకుంటారు. మళ్ళీ గురక, మళ్ళీ ఆగడం. రాత్రంతా ఇంతే.

ఆగినప్పుడల్లా భుజం పట్టి పక్కకి తిప్పుతున్నాను. అలా తిప్పితే ఊపిరి ఆడుతోంది. ఆయన కళ్ళు తెరవకుండానే "రాత్రల్లా పోలీసోడిలాగ తట్టి లేపుతావేటే, నానేటి దొంగనా?" అంటారు. పొద్దున్న తలనొప్పితో లేస్తారు. షాపులో ఎరువుల బిల్లు రాస్తూ రాస్తూ కునుకుతారు. మొన్న పెన్ను కాగితం మీద ఉండగానే నిద్రపోతే, ఎదురుగా నిలబడ్డ రైతు "సావుకారూ, బస్తా నానే ఎత్తుకుపోతన్నాను, నువ్వు పడుకో" అన్నాడట. అందరూ నవ్వారు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. పాలు పోసే గురమ్మ ఎదుట నన్ను చూపించి, "కొత్త పెళ్ళాం ఉన్నోడికి నిద్దరెక్కడినుంచి వస్తాది?" అన్నారు. నాకు నేల చీలితే బాగుణ్ణనిపించింది.

ఆయన చిన్నప్పటినుంచీ ఇంతేనా? మావయ్యగారు కూడా ఇలాగే పడుకునేవారా? మీకు తెలిసింది రాయండి.

మీ మరదలు
ఝాన్సీలక్ష్మి

*

నెల్లిమర్ల,
ఏప్రిల్ 21.

ఝాన్సీకి,

నీ ఉత్తరం అందినాది. నన్ను ఏడుతోనే ఆపీసినారు, నీలాగ పుస్తకం బాస నాకు రాదు. నోటికొచ్చినట్టే రాస్తన్నాను. నవ్వుకుంటే నవ్వుకో.

ముందు నేనే నవ్వీసినాను. మీ అన్నయ్యకి కూడా సదివి వినిపించినాను. కొత్త పెళ్ళికూతురు రాత్రిళ్ళు మొగుడి ముక్కు కాడ సెవెట్టుకుని కూకున్నాదంట! ఓలమ్మ, ఈ ఒయసులో మీకింకేటీ పనిలేదేటే?

మా ఇంట్లో గురకంటే ఏటనుకున్నావు? మా తాత కూర్మయ్య గురకెడితే కళ్ళం కాడికి దొంగ రాడనీవోరు. మా నాన్న గురక వీధి సివరకి వినిపించీది. అమ్మ ఆ గురక పక్కనే అన్నేళ్ళూ పడుకున్నాది, ఒక్కనాడు తట్టి లేపలేదు. మొగోడి గురక ఇంటికి కాపలా. గురక లేనోడు కాళీ కడుపుతో పడుకున్నోడు.

ఇంకొకటి సెప్తాను, మనసులో ఎట్టుకో. మా తాత నిద్దట్లోనే పోయినాడు. నాన్నకి యాభై నిండనేదు, రాత్రి అన్నం తినీసి పడుకున్నోడు పొద్దున్నకి లేడు. మంచం పట్టలేదు, ఎవుల సేతా నీళ్ళు పోయించుకోలేదు. శవం కాడికి వచ్చినోళ్ళందరూ 'పుణ్యాత్ముడు' అన్నారు. గంగరాజు కూతురంటే ఈయాల్టికీ నాకు ఆ మర్యాద ఉన్నాది. అలాటి సావు అందరిళ్ళకీ రాదు.

గురకలో నేనేటి తక్కువేటి? మీ అన్నయ్య జడిసి సాపట్టుకుని మేడ మీదకి పోతన్నాడు. వానొస్తే తడుస్తాడు గానీ దిగడు. టీవీ ముందు కూకుంటే పేర్లు పడీలోపే నాకు కన్ను మూతడిపోతాది. పొద్దున్న లేస్తే తల బండలాగుంటాది. బీపీ మాత్ర మింగుతన్నాను. అయినా నాకేటైనాది? గుండ్రాయిలాగున్నాను.

నువ్వు తిన్నగా పడుకో, వాణ్ణి పడుకోనీ. వచ్చే ఏటికి పిల్లో పిల్లాడో పుడితే నీకే నిద్దరుండదు, అప్పుడు సూద్దువు గాని ఊపిర్లు.

నీ వదిన
కన్యాకుమారి

*

ఆమదాలవలస,
మే 19.

వదినగారికి,

మీ ఉత్తరం చదివి నేనూ నవ్వుకున్నాను. కాని ఆ రాత్రి కూడా నిద్రపోలేదు.

తలనొప్పికి మందు అని చెప్పి ఆయన్ని శ్రీకాకుళంలో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు బీపీ చూసి మళ్ళీ ఒకసారి చూశారు. మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచారు. మీ తమ్ముడు "లాల్చీ కుడతారేటండి?" అని అడిగితే డాక్టరుగారూ నవ్వారు. తర్వాత నన్ను అడిగారు, రాత్రి ఎలా పడుకుంటారు అని. నేను చూసిందంతా చెప్పాను. పక్కన పడుకున్న మనిషి ఇంత వివరంగా చెప్పడం అరుదు అన్నారు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారట. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాస వెళ్ళే దారి మూసుకుపోతుంది. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. మెదడు భయపడి మనిషిని సగం లేపుతుంది, గుండె పరుగెడుతుంది, బీపీ పెరుగుతుంది. ప్రతి రాత్రీ, రాత్రి పొడుగునా ఇదే జరుగుతుంటే ఏళ్ళు గడిచేసరికి గుండె లయ తప్పవచ్చు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకడితే, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. ఇది నా మాట కాదు, డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

బీపీకి మాత్రలు ఇచ్చారు. వెల్లకిలా పడుకోనివ్వద్దన్నారు. బరువు తగ్గాలన్నారు. విశాఖపట్నంలో ఒక రాత్రి ఒంటికి తీగలు పెట్టి నిద్రని పరీక్ష చేస్తారట, అది తప్పకుండా చేయించమన్నారు. రోగం ఖాయమైతే ముక్కుకి తొడుగు పెట్టుకుని పడుకునే ఒక మిషను ఉంది, అది గాలిని మెల్లగా నెట్టి దారి మూసుకోకుండా చూస్తుంది. ఆయన "సీజను అయ్యాక సూద్దాం" అంటున్నారు.

వదినగారూ, ఒక సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. మీ ఇంట్లో ఎవరైనా నిద్రలో పోయారా అని డాక్టరుగారే అడిగారు. మీ తాతగారి గురించి, మావయ్యగారి గురించి చెప్పాను. చనిపోయినవాళ్ళ సంగతి ఇప్పుడు తేల్చలేము గాని, ఇదే కారణం అయి ఉండవచ్చు అన్నారు. మీరు రాసిన మేడ మీద చాప, బీపీ మాత్ర కూడా నాకు గుర్తొచ్చాయి. మీరు ఒకసారి చూపించుకుంటే మంచిది.

మీరు చెబితే ఆయన వింటారు. వైజాగు పరీక్షకి వెళ్ళమని ఒక్క మాట చెప్పండి.

మీ మరదలు
ఝాన్సీలక్ష్మి

*

నెల్లిమర్ల,
జూన్ 4.

ఝాన్సీలక్ష్మీ,

నా తండ్రి సావుకి రోగం పేరెడతావేటి?

ఊరంతా దణ్ణమెట్టిన సావది. నిన్న గాక మొన్న గడప లోపలికొచ్చినదానివి, ఆయన మొకమైనా నువ్వు ఎరగవు. ఆయన్ని తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పడుకోబెట్టీసినావు. మా నాన్న పుణ్యం వల్ల పోయినాడా, గొంతు మూసుకుపోయి పోయినాడా అని నువ్వు సెప్తావేటి మాకు?

ఆ మిషను సంగతి మీ అన్నయ్యని అడిగినాను. వాళ్ళ ఆఫీసరొకడు ఎట్టుకుంటన్నాడంట. బొమ్మ సూపించినాడు. నూర్పులప్పుడు గింజ తినకండా ఎద్దు మూతికి కడతామే, సిక్కం, అచ్చం అదే. నా తమ్ముడి మూతికి సిక్కం కడతావేటే? వాడేటి నీ బాబు దుక్కిటెద్దేటి?

మీ ఇంట్లో నువ్వే ముందు సదువుకున్నదానివని తెలిసే సేసుకున్నాం. మీ అమ్మకి వేలిముద్రే గదా. వాళ్ళకి నువ్వేటి సెప్పినా వేదమే అవుతాది. మాకు సెప్పకు. ఒక డిగ్రీకే ఇలాగుంటే, నువ్వడుగుతున్న బీఈడీ సదివిస్తే మా అందరికీ పాడె సిద్ధం సేస్తావు. ఆ ఆలోసన మానీ.

అమ్మతో మాటాడినాను. నిన్ను రాత్రిళ్ళు పక్కన ఉంచబట్టే వాడికి నిద్దర్లేదు. తట్టి లేపితే రాయైనా అరిగిపోతాది. ఆషాఢం వస్తాది. ఈ ఏడు రెండొచ్చినాయి, అధికం ఒకటి, నిజం ఒకటి. అధికానికి అక్కర్లేదు, నిజానికి ఎల్తే సాలని పంతులు అన్నాడంట. ఆషాఢమని పేరున్నాక రెండూ ఆషాఢాలే. కోడలు పుట్టింట ఉండాల, అత్తా కోడలూ ఒక గడప దాటకూడదు. రెండు నెలలూ అక్కడే ఉండు. వాడు కడుపునిండా పడుకుంటాడు. శ్రావణంలో వచ్చి సూడు, ఎలాగుంటాడో.

కన్యాకుమారి

*

చీపురుపల్లి,
జూన్ 26.

వదినగారికి,

మీకు కోపం తెప్పించాను. మావయ్యగారి గురించి రాయకుండా ఉండాల్సింది. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను, నా తప్పుకి ఆయన్ని వదిలెయ్యకండి.

మీరు చెప్పినట్టే పుట్టింటికి వచ్చాను. బయలుదేరే రోజు ఆయనే రైలెక్కించారు. "రెండు నెల్లు నా భుజానికి సెలవొచ్చినాది" అని నవ్వారు. ఆ నవ్వు నవ్వుతూనే సీటులో కూర్చుని నిమిషంలో కునికారు, రైలు కదులుతుంటే దించాల్సి వచ్చింది.

మా అమ్మకి విషయం చెప్పాను. "తాగొచ్చి తన్నలేదు, గురకే గదమ్మా పెడతన్నాడు. వరమనుకో" అంది. అమ్మతో వాదించలేదు. ఆవిడ తిరగలిలో చోళ్ళు విసురుతూ అక్కడే ఒరిగి పడుకోవడం తప్ప నిద్ర గురించి ఎప్పుడు ఆలోచించింది కనుక.

వచ్చేముందు ఒక పని చేశాను. ఆయన వెల్లకిలా తిరగకూడదు కదా. డాక్టరుగారు చెప్పిన ఉపాయం ప్రకారం ఆయన రాత్రి తొడుక్కునే బనీన్ల వెనక, వీపు నడుమ చిన్న గుడ్డసంచి కుట్టి అందులో రబ్బరు బంతి పెట్టాను. వెల్లకిలా తిరిగితే ఒత్తుకుని, మెలకువ రాకుండానే పక్కకి ఒత్తిగిల్లుతారు. "గూనోణ్ణి సేసినావు గదే" అన్నారు గాని, నా మాట కోసం తొడుక్కుంటానన్నారు. నేను లేనప్పుడు ఆ బంతే నా చెయ్యి.

మీతో మూడే అడుగుతున్నాను. ఆ బనీను తొడుక్కున్నారో లేదో అత్తమ్మని చూడమనండి. బీపీ మాత్ర పొద్దున్న వేసుకోమనండి. రాత్రి ఎవరో ఒకరు ఆ గదిలో పడుకోండి. నా మీద కోపంతోనైనా సరే, పడుకోండి.

ఝాన్సీలక్ష్మి

*

నెల్లిమర్ల,
జూలై 12.

ఝాన్సీలక్ష్మికి,

ఇప్పుడు తెలిసినాది నీ సదువు ఏ సదువో.

అమ్మ బట్టలుతుకుతుంటే నీ బనీన్లు సేతికి తగిలినాయి. వీపు కాడ మూట! దారంతో కుట్టి, గుండ్రంగా, లోపల ఏటుందో తెల్దు. అమ్మ గురమ్మని పిలిసి సూపిస్తే అది దూరంగా నిలబడిపోయి, "సిల్లంగి తల్లీ, ముట్టుకోకు" అన్నాదంట. మొగుడు తన పక్కే తిరిగుండాలని పెళ్ళాం మందు కట్టీసినాదని వీధంతా అనుకున్నారు. తమ్ముడు బంతేనని సెప్పినా అమ్మ నమ్మలేదు. మందెట్టినోణ్ణి అడిగితే మందు లేదనే అంటాడు గదా. అన్ని బనీన్లూ తీసుకెళ్ళి నాలుగురోడ్ల కాడ కాల్చీసినాది. రబ్బరు కంపు కొట్టినాదంట. కొట్టదేటి!

నువ్వు బంతి అని ముందే రాసినావు, నాకు తెలుసు. నేను అమ్మకి సెప్పలేదు. నువ్వు మా నాన్న గురించి రాసిన దినం నుంచీ నీ తరఫున ఒక మాట సెప్పడానికి నాకు నోరు రాలేదు. కాల్తే కాలనీ అనుకున్నాను.

విను, నీకు సంతోషమో ఏడుపో తెల్దు. కాల్చినకాడినుంచీ వాడు బాగా పడుకుంటన్నాడు. వెల్లకిలా, సక్కగా, పండు రాలినట్టు. మద్దెమద్దెలో గురక కూడా ఆగిపోతన్నాదంట, ఇల్లంతా నిశ్శబ్దం. 'ఇన్నాళ్ళకి నా కొడుక్కి అసలైన నిద్దర పట్టినాది' అని అమ్మ ఫోన్లో ఏడ్సినాది.

అమ్మ పూరీ ఎల్తన్నాది. ఈ ఏడు జగన్నాథుడికి కొత్త విగ్రహాలు గదా, వీధిలో ముసలోళ్ళందరూ కలిసి రథయాత్రకి బయలెల్లినారు. వారం ఉంటారు. వాడు ఒక్కడే ఇంట్లో. సీజను గదా, షాపు వదిలి రాలేడు. నువ్వు మాత్రం అడుగెట్టకు. నిజ ఆషాఢం ఇంకా మొదలే అవలేదు, అది ఎల్లీదాకా నీకు ఆ గడప లేదు.

కన్యాకుమారి

*

చీపురుపల్లి,
జూలై 15.

వదినగారికి,

బంతి గురించి ఏమీ అనను. నన్ను చిల్లంగి అన్నా పడతాను.

గురక ఆగినప్పుడు అది నిద్ర కాదు. ఊపిరి లేకపోవడం. అత్తమ్మ విన్న నిశ్శబ్దమే నేను ఏప్రిల్లో మీకు రాసింది.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అత్తమ్మతో పూరీ వెళ్ళిపోతుంది, రాత్రి ఆయన ఎలా ఉన్నారో అడిగే దారి కూడా నాకు ఉండదు. నన్ను రానివ్వకండి. అన్నయ్యని పంపండి. ఆ వారం రోజులూ అన్నయ్య అక్కడ పడుకుంటే చాలు. మేడ మీద పడుకునే మనిషికి ఎక్కడైతేనేం?

ఝాన్సీ

*

విశాఖపట్నం,
జూలై 30.

వదినగారికి,

మీరు ఆసుపత్రికి వచ్చి, ఏడ్చి, ఆ సాయంత్రం బండికే వెళ్ళిపోయారు. ఆ రోజు మనం మాట్లాడుకోలేదు. నాతో మాట్లాడినవాళ్ళ దగ్గర తెలుసుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. మీకు తెలియాలి.

అన్నయ్య వెళ్ళలేదు, ఇంట్లో ఆయన ఒక్కరే. రథయాత్ర మర్నాడు పొద్దున్న గురమ్మ పాలు తెచ్చింది. లోపల గురక గట్టిగా వినిపించింది. లేపడం ఎందుకని పాలచెంబు గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత యూరియాకి రైతులు వచ్చారు. ఇంటి ముందున్న షాపు షట్టరు కొట్టారు. లోపల గురక. "సావుకారికి పెళ్ళాం లేదు, అమ్మ లేదు, పండగే" అని నవ్వుకుంటూ టీకొట్టుకి వెళ్ళారు. మళ్ళీ వచ్చి కొట్టారు. మళ్ళీ నవ్వారు. ఎండెక్కాక గురమ్మ చెంబు కోసం వచ్చి చూస్తే పాలు విరిగి ఉన్నాయి. లోపల ఇంకా గురకే. అప్పుడు దానికి భయం వేసి తలుపు పగలగొట్టించింది.

అది గురక కాదు. పక్షవాతం వచ్చి స్పృహ లేని మనిషి ఊపిరి అలా ఉంటుందట. మీ ఇంటి గురక కాపలా అన్నారు మీరు. నిజమే. ఎవరినీ లోపలికి రానివ్వలేదు.

ఇక్కడి డాక్టర్లు అందరూ ఒకటే ప్రశ్న వేశారు: మనిషి బాగున్నట్టు చివరిసారి చూసింది ఎవరు, ఎప్పుడు? మెదడులో గడ్డని కరిగించే ఇంజక్షన్ ఉంది. మొదటి కొద్ది గంటల్లోనే ఇవ్వాలి. ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే ఇవ్వలేరు. చెప్పడానికి ఎవరూ లేరు. నేను ఆయన పక్కన ఉండి ఉంటే ఏ ఊపిరి దగ్గర మారిందో చెప్పేదాన్ని. ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నేను చీపురుపల్లిలో ఉన్నానని చెప్పాను. ఎందుకు అని ఒక డాక్టరమ్మ అడిగింది. ఆషాఢం అన్నాను. ఆవిడ తెలుగావిడే. తల దించుకుని రాసుకుంది.

గుండె లయ తప్పిందట. గడ్డ అక్కడినుంచే వెళ్ళిందట. కుడి చెయ్యి, కుడి కాలు కదలవు. మాట లేదు. నిద్ర పరీక్ష కూడా చేశారు. మిషను పెట్టారు.

కబురు అందగానే రైలెక్కాను, దిగి ఆ ఇంటికి పరిగెత్తాను. బట్టల కోసం లోపలికి వెళ్ళాను. బీపీ మాత్రల షీటు నేను వదిలిన చోటే, వదిలినట్టే ఉంది.

ఝాన్సీలక్ష్మి

*

నెల్లిమర్ల,
ఆగస్టు 22.

ఝాన్సీలక్ష్మీ,

వాణ్ణి ఇంటికి తెచ్చినారని అమ్మ సెప్పినాది. నేను రాలేను. సూడలేను.

నువ్వు రాసిందంతా సదివినాను. తప్పంతా మాదే అని రాసినావు. నీది లేదేటి? ఆషాఢంలో గడప తొక్కినావు, నీ సేత్తోనే రాసుకున్నావు బట్టలకి లోపలికెళ్ళినానని. నువ్వు తొక్కబట్టే వాడికి మాట తిరిగి రాలేదని ఇక్కడ అందరూ అంటన్నారు. నేను అన్లేదు. అందరూ అంటన్నారు.

నీకు కావలసినది అయినాది గదా. సిక్కం కట్టీసినావు.

ఒక మాట రాస్తాను, తోబుట్టువుని గనక రాస్తన్నాను. వాణ్ణి వైజాగు పట్టుకుపోయి బతికించినావని నలుగురూ నిన్ను మెచ్చుకుంటారు. ఏటి బతుకది? నోట్లోంచి సొంగ, పక్కలోనే అన్నీ. నాన్నలాగ ఆ రాత్రే నిద్దట్లో పోయుంటే పుణ్యాత్ముడయ్యీవోడు. ఆ పుణ్యం నువ్వే తప్పించినావు.

కన్యాకుమారి

*

ఆమదాలవలస,
సెప్టెంబరు 3.

వదినగారికి,

మీ తమ్ముడికి మాట రాదు గాని వినపడుతుంది. విన్నదంతా అర్థమవుతుంది. మీరు ఆ సంగతి ఎవరినీ అడగలేదు.

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. మొదటినుంచీ చివరిదాకా, మీ యాసలోనే చదివాను. 'పుణ్యాత్ముడయ్యీవోడు' దగ్గర ఆపి, మళ్ళీ చదివాను.

ఎడమచేత్తో కాగితం లాక్కున్నారు. చింపబోయారు. ఒంటిచేత్తో కాగితం చిరగదు. నలిపి పక్క కింద పెట్టుకున్నారు. అక్కడే ఉంది.

ఝాన్సీలక్ష్మి

*

నెల్లిమర్ల,
డిసెంబరు 9.

ఝాన్సీ,

ఈ ఉత్తరం వాడికి సదవకమ్మా. నీకు దణ్ణమెడతాను.

మొన్న రామతీర్థం ఎల్లొస్తంటే బస్సులో కునుకు పట్టినాది. మామూలే. మెలకువొచ్చీసరికి బస్సు ఆపీసి అందరూ నా మీదకి వంగి సూస్తన్నారు. కండక్టరు నీళ్ళు కొడతన్నాడు. పక్కసీట్లో ఆవిడ 'ఈయమ్మకి ఊపిరాగిపోనాది' అని అరిసీసినాదంట. నాకేటీ తెల్దు. నేను నిద్దరపోయినాననుకుంటన్నాను.

ఇంటికొచ్చి మీ అన్నయ్యకి సెప్తే ఆయన మొకం తిప్పుకున్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు సెప్పినాడు. మేడ మీదకి పోయింది గురకకి కాదంట. గురకకి అలవాటైపోయినాడంట. ఆగినప్పుడు మళ్ళీ వస్తాదో రాదోనని ఎదురుసూడలేక పోయినాడంట. ఇన్నేళ్ళూ నాకు సెప్పలేదు. నువ్వు మూడు నెలలకే సెప్పినావు.

నాకు ఇప్పుడు పక్కంటే బయ్యమేస్తన్నాది. కూకునే ఉంటన్నాను. కూకున్నా పట్టీస్తన్నాది. నాన్న ఆ రాత్రి ఎలాగ కొట్టుకున్నాడో, పక్కనున్న అమ్మ నిద్దరనుకున్నాదో అని అదే కళ్ళ ముందుకొస్తన్నాది. పుణ్యమని ఇన్నాళ్ళూ ఎవులికి సెప్పుకున్నానో వాళ్ళందరి మొకాలూ గుర్తొస్తన్నాయి.

ఆ రోగం పేరేటి? ఆ డాక్టరు శ్రీకాకుళంలో ఎక్కడుంటాడు? రాసి పంపు. అమ్మకి మాత్రం సెప్పకు. మొగుడు పోయినాడు, కొడుకు అలాగైపోయినాడు, నా సంగతి కూడా తెలిస్తే బతకదు. నీకు నా మీద ఎంత కోపమున్నా ఇదొక్కటి దాచు.

నీ వదిన
కన్యాకుమారి

*

ఆమదాలవలస,
డిసెంబరు 14.

వదినగారికి,

రోగం పేరు మే నెలలో రాశాను. ఆ ఉత్తరం ఉంటే తీసి చదువుకోండి. చింపేసి ఉంటే, మళ్ళీ రాయను. వచ్చే సోమవారం పొద్దున్న పాసింజరుకి అన్నయ్యతో రండి. స్టేషనులో ఉంటాను. డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను. వైజాగు పరీక్షకీ నేనే వస్తాను. చిక్కం కట్టడం నాకిప్పుడు బాగా చేతనయింది. మొదటి వారం ముక్కు ఒరుసుకుని పుండు పడుతుంది, ఏడుపొస్తుంది. ఆయనకి నేను ఊరడించే మాటలు చెప్పాను. మీకు చెప్పలేను.

దాచమన్నారు. దాచలేదు. మీ ఉత్తరం ఆయన మంచం దగ్గర కూర్చుని పైకి చదివాను. అత్తమ్మ అక్కడే ఆయన కాలికి నూనె రాస్తున్నారు. ఆవిడకి చదువు రాదు గనకనే మొదట మీకు ఉత్తరం రాశాను. ఆవిడకి తెలియకూడదని రాసినవి ఎన్నో ఈ ఇంటికి వచ్చాయి, వెళ్ళాయి. ఆ బనీనులో ఉన్నది బంతి అన్న ఒక్క మాట మాత్రం మీ దగ్గర ఆగిపోయింది. అది కూడా చెప్పాను. మీకు ముందే తెలుసని చెప్పాను.

ఆయన విన్నారు. పక్క కింద చెయ్యి పెట్టి ఆ నలిగిన కాగితం తీసి నా చేతిలో పెట్టారు. ఏం చెయ్యమని ఇచ్చారో నాకు తెలియలేదు. పొయ్యిలో పెట్టాను.

అత్తమ్మ నూనె చేతులు చీరకి తుడుచుకుని, "ఆ రాత్రి మీ మావ పక్కన నేను మెలకువగానే ఉన్నానే. గురకాగినాది, పోన్లే పాపం పడుకున్నాడు అని అటు తిరిగి పడుకున్నాను" అన్నారు. నా వైపు చూడలేదు. మీరు కూడా ఆ సంగతి ఆవిడ దగ్గర ఎత్తకండి.

తర్వాత లేచి, మీరు పోయినేడు ఇక్కడ వదిలేసిన జాకెట్టు పెట్టెలోంచి తీశారు. దారం ఎక్కించి పెట్టమని సూది నాకు ఇచ్చారు. ఇప్పుడు వెలుతురు దగ్గర కూర్చుని దాని వీపు మీద సంచి కుడుతున్నారు. కుట్లు వంకరగా పడుతున్నాయి. బంతి రేపు సంతలో కొందామన్నారు.

సోమవారం దాకా అన్నయ్యని మేడ దిగి మీ పక్కనే పడుకోమనండి. ఊపిరి ఆగితే తట్టి లేపమనండి. జాకెట్టు సోమవారం స్టేషనుకి తెస్తాను. దీన్ని కాల్చకండి.

ఝాన్సీలక్ష్మి